తడి అంటే తడి కాదు

బెంగళూరు, 7-8-1996

నాయనకు, అమ్మకు నమస్కారం. ఈ రోజు పొద్దున్నే ఎదురైన మొదటి వింత ఒక మాట. కాలేజీలో కరాటే నేర్పే నేత్రావతి మేడం "తడి, తడి!" అని కన్నడంలో అరిచింది. నేల తడిగా ఉందేమోనని కిందికి చూశాను. అంతలో నా జోడీ పల్లవి పిడికిలి పెదవికి తగిలింది. "నేల్లో ఏముండాదే? తడి అంటే అడ్డుకోమని!" అంటూ తనే ఏడ్చేసింది. మన మాటే ఇక్కడ ఇంకో అర్థంతో కాపు కాసి నన్ను కొట్టించింది.

పెదవి వాచింది కానీ పళ్ళు గట్టిగానే ఉన్నాయి. సాయంత్రం హాస్టలుకు వచ్చిన అమరనాథ్ మామ చూసి, "ఉండు, మీ నాయనతో చెప్తా" అన్నాడు. శనివారం ఆయన కదిరికి వస్తాడు. ఈ కార్డు అంతకుముందే చేరుతుందో లేదోనని గుబులుగా ఉంది. దెబ్బ తగిలితే కరాటే మాన్పిస్తానన్నావు కదా నాయనా, మాన్పించవద్దు. బస్టాపు నుంచి ఒంటరిగా నడిచే ధైర్యం ఇప్పుడిప్పుడే వస్తోంది.

అమ్మా, చెల్లి దగ్గు తగ్గిందా? మామ చేతికి ఊరగాయ ఇవ్వవద్దు, పెదవి మండుతుంది, తియ్యటి ఓళిగలు ఇవ్వు. అవ్వకు దండాలు.

రేపు పొద్దున మళ్ళీ పల్లవి ఎదుటే నిలబడతాను. "తడి" అని వినబడగానే నేల చూడను, చెయ్యి ఎత్తుతాను.

మీ ప్రమీల