రెక్క కొస

శుక్రవారం, దర్శి

నేనొక్కదాన్నే ఉండే ఈ ఇంట్లో ఇవాళ మొదటిసారి ప్రార్థనకి గృహ కూడిక జరిగింది. పాస్టరమ్మగారి చూపు తిన్నగా గోడ మీదికే పోయింది.

"ఇదేంటి టీచరమ్మా? మనం పటాలు పెట్టుకోం కదా!"

"పటం కాదండి. ఇటలీలో ఎప్పుడో గోడ మీద వేసిన బొమ్మకి ప్రింటు," అన్నాను. బొమ్మలో, మరియ ఒక్కతే కూర్చున్న వసారాలోకి దేవదూత వచ్చి మోకరించాడు. ఆ రావడం కోసమే కొనుక్కున్నాను.

ఆవిడ నవ్వుతూనే పంచడానికి తెచ్చిన బైబిలు వాక్యాల క్యాలెండర్ ఒకటి తీసి, బొమ్మ కనపడకుండా అదే మేకుకి తగిలించారు. ప్రార్థన అయింది. టీలు తాగి అందరూ వెళ్ళిపోయారు.

క్యాలెండర్ పక్కనుంచి రెక్క కొస ఒక్కటే కనిపిస్తోంది. క్యాలెండర్ని తీసేద్దామని లేచాను. మళ్ళీ ఎవరైనా వస్తే ఏమంటారోనని ఆగిపోయాను.

ఎవరొస్తారని?