జోకుల క్యాసెట్ చేయలేను

పటమట,
12-6-1997.

రత్తయ్య బాబాయ్ గారికి,

బి.కాం. సెకండ్ క్లాసులో గట్టెక్కిన మీ అబ్బాయి సవినయంగా రాసుకుంటున్నాడు. నాగుల్ మీరా అన్నయ్య పోయిన నలభయ్యో రోజుకి మీరు వచ్చినప్పుడు, అన్నయ్యకి చేసిచ్చినట్టే మీకూ ఒక జోకుల క్యాసెట్ చేసిపెట్టమన్నారు. వింటూ లారీ నడిపితే నిద్ర రాదన్నారు. ఆవేళ తలూపాను. క్షమించాలి, చేయలేను.

ఆ క్యాసెట్ బాగానే పనిచేసింది బాబాయ్. "ఒరేయ్, నీ గోలకి కునుకు కూడా పారిపోతోందిరా! ఇంక మధ్యలో ఆగే పనే లేదు" అన్నాడు అన్నయ్య. నాకేదో డిస్టింక్షన్ వచ్చినట్టు మురిసిపోయాను. మద్రాసు నుంచి వస్తూ నిజంగానే ఎక్కడా ఆగలేదు. రెండు రోజులుగా నిద్ర లేదు. పొద్దున తొమ్మిదింటికి, మంచి ఎండలో, ఒంగోలు దాటాక రెప్ప వాలింది. లారీ చెట్టుకి గుద్దుకుంది. జనం పరిగెత్తుకొచ్చేసరికి టేపు ఇంకా నడుస్తోందట. నా జోకులకి నేనే పగలబడి నవ్వుతున్నానట. అన్నయ్య మాత్రం అప్పటికే లేడు.

ఈ క్యాసెట్ సంగతి సబీహా వదినకి ఇంకా చెప్పలేదు.

ఘనత వహించిన డ్రైవరు గారికి నా మనవి ఒక్కటే. కళ్లు బరువెక్కితే లారీ ఆపండి. పామర్రులో బియ్యం ఎత్తుకుని మా పటమట మీదుగానే వెళ్తారుగా, ఇంటికి రండి. అన్నయ్య మంచం ఖాళీగానే ఉంది. వదిన ఫ్యాను వేసి, పిల్లల్ని పక్కింటికి పంపిస్తుంది. మీరు లేచేదాకా నేను గుమ్మంలో కూర్చుంటాను. నోరెత్తను.

ఇట్లు,
నాగుల్ మీరా తమ్ముడు