చెరకులో ఎలుగు

లంబాసా, 1911 జూలై 3

చిరంజీవి తమ్ముడు పోతయ్యకు,

అక్క అంకమ్మ దీవెనలు. కూలీల మీద పెత్తనం చేసే సర్దారు మీద చెయ్యెత్తావని నిన్ను సముద్రం దాటించి నౌసోరి తోటలో వేసి ఏడాదైంది. నీ భార్య సరస్వతి చీర ఏటి గట్టున దొరికి నెలైంది. ఏట్లో పడిందని రాసేశారు. మనిషి దొరకలేదు. రోజూ దేవుడికి దణ్ణం పెట్టి ఆ సంగతి ఆయనకే వదిలేస్తున్నాను.

కాంతి నా దగ్గరే ఉంది. తోట పనికి పోయే తల్లుల పిల్లల్ని నేనే చూస్తున్నాను. మనం చెరకు పనికొచ్చిన ఈ దీవుల్లో పులి, ఎలుగుబంటి లాంటి అడవి జంతువులు లేవు కదా, పాటల్లో చూపిస్తున్నాను.

పులి మామ చారల చొక్కా తొడిగె
నీళ్లల్లో నీడని నీవెవరని అడిగె

"పులి ఎంతుంటాది అత్తా?" అంది నీ కూతురు. "నీ నోరంత" అన్నాను. తల్లి పోయాక మొదటిసారి నవ్వింది.

మీ అక్క

*

నౌసోరి, ఆగస్టు 2

ప్రియమైన అక్కయ్యకు,

పోతయ్య నమస్కారం. పులి పాట వినిపిస్తే, "దానికో దొర టోపీ పెట్టమను" అన్నాడు నాతో పని చేసే మునియ్య. ఎలుగుబంటి పాట కూడా నేర్పు. వచ్చే ఏడు నా గిర్మిట్, ఈ కూలి ఒప్పందం, తీరుతుంది. ఆ రోజు కాంతిని నా చేతిలో పెట్టు. ఇంకేమీ అడగను.

నీ తమ్ముడు

*

లంబాసా, సెప్టెంబరు 10

తమ్ముడూ,

ఎలుగు పాట కట్టాను.

ఎలుగు ఎలుగు ఏమంది?
ఆకలైతే రమ్మంది

కాంతి భయపడలేదు. "ఎలుగు నాకు తెలుసు అత్తా. పొద్దు గూకితే చెరకులోకి వస్తాది" అంది. నేను నేర్పని ముక్క తనే కలిపింది:

ఎలుగు ఎలుగు ఎప్పుడు?
పొద్దు గూకినప్పుడు

నిన్న చెరకు గట్టున గిన్నెతో గంజి పెట్టి చూశాను. పొద్దున గిన్నె కడిగి, బోర్లించి, పైన ఆకు పెట్టి ఉంది. జంతువు గిన్నె కడగదు. జపం చేసుకుంటున్నాను.

అక్క

*

నౌసోరి, అక్టోబరు 6

అక్కయ్యా,

బోర్లించిన గిన్నె మీద ఆకు పెట్టడం సరస్వతి అలవాటు. చచ్చిపోయినా పిల్ల కోసం తిరుగుతోంది. కాంతిని గడప దాటనివ్వకు. ఆ పాట మాన్పించు. నాకు మిగిలింది అదొక్కతే.

పోతయ్య

*

లంబాసా, నవంబరు 12

నాయనా పోతయ్యా,

ఆఫీసులో ఉత్తరాలు విప్పుతున్నారు. అందుకే ఇది మనవాడు దొరస్వామి చేతికిచ్చి పంపుతున్నాను. కాంతి నా దగ్గర లేదు. కూర్చుని చదువు.

నీ ఉత్తరం రాకముందే ఒక సాయంత్రం నేను పిల్ల వెనకే చెరకులోకి వెళ్లాను. లోపల చిన్న లాంతరు. "అదిగో ఎలుగు" అంది కాంతి.

మనం వెలుగు అంటాం. నీ భార్య బొబ్బిలి పిల్ల, ఎలుగు అంటుంది. నేను జంతువు పాట నేర్పాను. బిడ్డ తల్లి దీపం పాట పాడుకుంది.

సరస్వతి నా కాళ్లకు దణ్ణం పెట్టింది. చేతులు వెచ్చగా ఉన్నాయి తమ్ముడూ.

నువ్వు లేవని సర్దారు దాన్ని బతకనివ్వలేదు. చీర గట్టున వదిలి, గిర్మిట్ తీరిన దొరస్వామి పాకలో దాక్కుంది. పిల్లను వదిలి కదల్లేక రోజూ చెరకు దాకా వచ్చేది. దొరస్వామి తల్లీబిడ్డలిద్దరినీ దూరాన ఉన్న డ్రెకేటికి చేర్చాడు. అక్కడ వరి పొలాలున్నాయి, అడిగేవాళ్లు లేరు.

కూలీల లైన్లలో పాట విన్నవాళ్లు, పిల్లను ఎలుగు ఎత్తుకుపోయిందంటున్నారు. సర్దారు పొద్దు గూకాక చెరకు వైపు రావడం మానేశాడు. ఆ మాట అలాగే ఉండనిచ్చాను.

కాంతిని నీ చేతిలో పెట్టలేకపోయాను. నీ గిర్మిట్ తీరాక ఇటు రాకు. డ్రెకేటి వెళ్లి, పొద్దు గూకాక ఈ ముక్క పాడు. కాంతే తలుపు తీస్తుంది.

ఎలుగు ఎలుగు ఎవరిది?
అమ్మ చేతిలోనిది

చదివాక ఈ కాగితం పొయ్యిలో వెయ్యి.

మీ అక్క అంకమ్మ