గేటు బయట బిజిలీ

ఆదివారం, ఆదిలాబాద్ లాడ్జి

పత్తి జిన్నింగ్ మిల్లు సేటు తన కారవాన్ జాతి వేటకుక్క బిజిలీకి ఫొటోలు తియ్యమని కరీంనగర్ నుంచి నన్ను పిలిపిచ్చిండు. సన్నటి నడుము, పొడుగు కాళ్లు. అది ఉరకడానికే పుట్టింది. కానీ పొద్దంతా గొలుసుకే ఉంటదట.

"అన్నా, జర ఇడిసిపెట్టుండ్రి. ఉరికేటప్పుడు తీస్త," అని బతిమాలిన.

"ఉరికితే మళ్ల చేతికి రాదు చెల్లె," అనుకుంటనే గొలుసు ఇప్పిండు.

అబ్బ, ఏం ఉరుకుడు! పత్తి కుప్పల నడుమ కాళ్లు భూమికి తాకుతలేనట్టే పోయింది. ఫొటో తీసుడే మర్చిపోయిన. గంతల్నే లారీ వచ్చిందని వాచ్‌మన్ గేటు తెరిసిండు. బిజిలీ బయటికి దుంకి, రోడ్డు అవతలి చేన్ల నిలబడి నా దిక్కు చూసింది.

"నీ మాట ఇన్నందుకే పోయింది, నువ్వే పిలువు!" అని సేటు మొత్తుకున్నడు.

పిలిచిన. పొద్దటి సంది బిస్కెట్లు పెట్టిన చెయ్యే చాపిన. తోక ఊపుకుంట వచ్చింది. సేటు గొలుసు నా చేతికిచ్చిండు. నేనే ఏసిన.

లారీ కింద పడ్తదని పిలిచిన అని మనసుకు చెప్పుకుంటున్న. కాదు, సేటుకు భయపడి పిలిచిన.

రేపు మిగిలిన ఫొటోలకు మళ్ల పోవాలె. నన్ను చూసి అది మళ్ల తోక ఊపుతదేమోనని ఫికర్ పట్టుకుంది.