నెల మొదటి శనివారం

జూన్ 4, శనివారం, ఉదయం 10.20
పుస్తకాల బీరువా దులపడం పూర్తయింది. నెల మొదటి శనివారం నియమం. నాలుగు అరలు, నూటపన్నెండు పుస్తకాలు. ఆరు నెలలుగా ఈ పని మనవరాలు గువ్వది. ఎనిమిదేళ్లు నిండాయి, పని నేర్చుకునే వయసే. మధ్యలో పదకొండుసార్లు తుమ్మింది. తుమ్మినంత మాత్రాన పని తప్పదన్నాను.
రాసేటప్పుడు నేను పైకి గొణుగుతానని కోడలు అంటుంది. అబద్ధం.

జూన్ 7, మంగళవారం
గువ్వకు మళ్లీ చెవిపోటు. జ్వరం 101. ఈ ఏడాదిలో నాలుగోసారి. తల సరిగా తుడుచుకోకపోతే ఇంతే.

జూన్ 16, గురువారం
మూడుసార్లు పిలిచాను. పలకలేదు. ఎదురుగా వెళ్లి నిలబడితే, ఏంటి నానమ్మా అంది, తాపీగా. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది. పొగరు. గోడవైపు తిరిగి కూర్చోమన్నాను. అరగంట.

జూన్ 21, మంగళవారం
కోడలు పిల్లను చెవి డాక్టరుకు చూపించింది. రెండు కర్ణభేరుల వెనకా నీరు చేరిందట. వినికిడి తగ్గిందట. ఆగస్టు ఆఖరుకీ నీరు పోకపోతే ఆపరేషన్ చేసి చెవిలో ట్యూబు పెట్టాలట.
అంటే పొగరు కాదు. వినపడలేదు.
అన్నం సయించలేదు.

జూన్ 24, శుక్రవారం, సాయంత్రం 5.00
ఈ డైరీని కోడలు నన్ను అడగకుండా డాక్టరు దగ్గరకు పట్టుకెళ్లింది. ఎందుకని నిలదీశాను. డాక్టరు తేదీలడుగుతున్నాడు, మీ అంత కచ్చితంగా నేను చెప్పలేను కదత్తయ్యా అంది.
డాక్టరు పేజీలు తిరగేసి వేలుపెట్టి చూపించాడట. నాలుగు చెవిపోట్లూ బీరువా దులిపిన మూడు నాలుగు రోజుల్లోనే వచ్చాయి. చేతిమీద చేసిన అలర్జీ టెస్టులోనూ దుమ్మే తేలింది. దుమ్మును శత్రువనుకుని పిల్ల ఒళ్లు యుద్ధానికి దిగుతుందట. దాంతో ముక్కు లోపల వాస్తుంది. ముక్కునుంచి చెవికి గాలి పోయే సన్నని దారి మూసుకుపోతుంది. చెవిలో నీరు నిలుస్తుంది, అందులో క్రిములు పెరుగుతాయి. జలుబులూ కారణమేనమ్మా, తప్పంతా దుమ్ముమీద వెయ్యను, కానీ ముందు దుమ్ము ఆపండి అన్నాడట.
బీరువా నాది. నియమం నాది.
పొగరు అని రాసిన పేజీ కోడలు చదివే ఉంటుంది. అయినా భోజనాల దగ్గర ముందు నాకే వడ్డించింది.

జులై 2, శనివారం
గువ్వను బయటికి పంపి, తడిగుడ్డతో నేనే తుడిచాను. బీరువా నా గదిలోకి మారింది. తలుపు వేసే ఉంచుతాను. నాకూ రెండు తుమ్ములు వచ్చాయి. నిజమైనవే.

జులై 19, మంగళవారం
డాక్టరు రాసిచ్చిన ముక్కు స్ప్రే గువ్వకు రోజూ 7.30కి. ఒక్కపూటా తప్పలేదు.
గువ్వ ఎదురుగా కూర్చుని, కాస్త గట్టిగా, ఆరోజు తప్పు నాదేనన్నాను. అయితే నువ్వూ గోడవైపు కూర్చో నానమ్మా అంది. కూర్చున్నాను. అరగంట.

ఆగస్టు 26, శుక్రవారం
కుడి చెవిలో నీరు లేదు. ఎడమ చెవిలో కొంచెం, అదీ తగ్గుతోందట. ఆపరేషన్ వద్దన్నాడు. ఆ డాక్టరు చల్లగా ఉండాలి.
కోడలికి థాంక్స్ చెప్పాను. పదేళ్లలో మొదటిసారి. మళ్లీ చెప్పండత్తయ్యా, నాకూ సరిగా వినపడలేదు అంది.

ఆగస్టు 27, శనివారం, ఉదయం 9.10
రాసేది పైకెందుకు చదువుతున్నావు నానమ్మా, నాకంతా వినిపిస్తోంది అని పక్కగదిలోంచి గువ్వ విసుక్కుంది.
ఇంకో పేజీ రాస్తాను.