పైకి రానక్కర్లేని జలాంతర్గామి

యాదన్నా,

ఈ రోజు సివిల్స్ ఇంటర్వ్యూలో మన పాత ప్రశ్నే అడిగారు. నౌకాదళానికి డీజిల్ జలాంతర్గామి మేలా, అణు జలాంతర్గామి మేలా అని. చిక్కడపల్లి లైబ్రరీ బయట చాయ్ తాగుతూ, నువ్వే బోర్డు మెంబరువై ఇదే ప్రశ్నతో నన్ను ఎన్నిసార్లు చంపావో!

నువ్వెప్పుడూ అణు వైపే. "డీజిల్‌దేంది తమ్మీ, బ్యాటరీ దిగంగనే గాలి కోసం పైకి రావాలె. అణుదైతే నెలలకు నెలలు లోపల్నే ఉంటది. తిండి ఒడిసిపోతేనే బయటికొస్తది" అనేవాడివి. అశోక్ నగర్ గదిలో నువ్వూ అట్లాగే ఉన్నావు. కళ్లు పచ్చబడినా "ఎగ్జామ్ అయినంక చూపించుకుంట" అన్నావు. కామెర్లు ఎగ్జామ్ దాకా ఆగలేదు, నిన్ను తీసుకుపోయాయి.

నేను పద్ధతిగానే జవాబు చెప్పాను. తీరం దగ్గర లోతు తక్కువ కాబట్టి చప్పుడు చేయని డీజిల్, దూరపు సముద్రాలకు అణు, రెండూ కావాలి అన్నాను.

"ఒక్కటే కొనాలంటే?" అన్నారు చైర్మన్ గారు.

"డీజిల్ సార్."

"పైకొస్తే శత్రువుకు దొరికిపోతుంది కదా?"

"పైకొస్తేనే లోపలోళ్లు ఎట్లున్నరో మనకు తెలుస్తది సార్" అనేశాను.

ఆయన నా ఫైలు మూసేశారు. మార్కులు పోయినట్టే.

గదికొచ్చి నీ నోట్సు తీశాను. అణు జలాంతర్గామి పేజీలో, బలాల కింద, "పైకి రానక్కర్లేదు" అని రాసి ఎర్రగా గీత గీసుకున్నావు. ఆ మాట కొట్టేసి, బలహీనతల కింద రాశాను.

నీ తమ్ముడు,
శీను