కప్పు మీది మూటలు

2006, తమిళ వైకాశి నెల, గురువారం రాత్రి

బండి ఒరగడం మానలేదు. పాత వ్యానులో బెర్తులు, పొయ్యి బిగించి ఇల్లు మాదిరి చేసుకున్నప్పటి నుంచి ఇదే బాధ. మెకానిక్ సెల్వం చక్రాల మీది కమాన్లకు రెండేసి స్ప్రింగు పట్టీలు చేర్చినాడు, షాక్ అబ్జార్బర్లు మార్చినాడు. అయినా ఈ పొద్దు పెన్నాగరం రోడ్డు మలుపులో ఒక పక్కకు వాలిపోయింది. రేపు పిల్లలతో కలిపి పదిమందిమి కులదేవత గుడికి తొప్పూరు కనుమ దిగాలి.

"నడుము ఎంత గట్టి చేసినా తల మీద ఆరు బియ్యం మూటలుంటే ఊగదా అక్కా? కిందికి దించండి," అన్నాడు సెల్వం.

అత్త ఒప్పుకోలేదు. "కులదేవత పొంగలి బియ్యం కాళ్ల కింద పెట్టుకొని పోతామా? మీ పుట్టింట్లో అట్లనే చేస్తారేమో!"

మా ఆయన నా మొహం చూడకుండా, "అమ్మతో వాదమెందుకు, మెల్లగా తోలుతాలే," అన్నారు. కనుమలో మెల్లగా తోలితే సరిపోతుందా?

సాయంత్రం వాళ్లిద్దరూ చుట్టాలను పిలవడానికి పోయినారు. సెల్వం చేత మూటలన్నీ దించి, బెర్తుల కింద సర్ది, దుప్పట్లు కప్పించినాను. అట్లాంటి సంచుల్లోనే వరిగడ్డి కుక్కి, అదే తాడుతో కప్పు మీద కట్టించినాను. మళ్లీ ఆ మలుపు దాకా పోయి చూసినాము. బండి నిటారుగా తిరిగింది.

తెల్లవారితే అత్త ఆ గడ్డికి కర్పూరం వెలిగిస్తుంది. నేనూ పక్కన నిలబడి దండం పెట్టుకోవాలి. తల్లీ, కోపమొస్తే నా ఒక్కదాని మీద చూపించు. బండి మీద వద్దు.